పాత ఐ3 డెస్క్‌టాప్‌లో ఏ లినక్స్ వేస్తే మంచిది?

ఎంవీపీ_వాసి:
వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఇంట్లో వాడే డెస్క్‌టాప్. ఇంటెల్ ఐ3-2120, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ (ఒకే స్టిక్), 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదు. వాడేది అమ్మానాన్న: యూట్యూబ్, జీమెయిల్, బ్యాంకు పనులు, తెలుగులో టైపింగ్, అప్పుడప్పుడు ఎక్సెల్. కమాండ్లు కొట్టడం వాళ్ల వల్ల కాదు. విండోస్ బదులు లినక్స్ వేసుకోమని, అందులో మింట్, లుబుంటు, జోరిన్ అనే రకాలున్నాయని అంటున్నారు. వీటిలో ఏది? ఆన్ చేశాక ఐదు నిమిషాలకు గానీ తెరుచుకోవట్లేదు, లినక్స్ వేస్తే అది తగ్గుతుందా?

మర్రిపాలెం_మెకానిక్:
చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తానండి. లినక్స్ ఒక్కటే వేస్తే కాస్త తగ్గుతుంది, అంతే. అసలు ఆలస్యం ఆ తిరిగే హార్డ్ డిస్క్‌ది. 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి తీసుకోండి. హెచ్61లో ఉన్నది పాత, వేగం తక్కువున్న సాటా 2 పోర్టులే కాబట్టి ఖరీదైన మోడల్ కొన్నా డబ్బు దండగ. చిన్న చిన్న ఫైళ్లు వెంటనే దొరకడమే ఇక్కడ లాభం, అది ఏ ఎస్‌ఎస్‌డీతోనైనా వస్తుంది. సాటా డేటా కేబుల్ చాలాసార్లు పెట్టెలో రాదు, విడిగా అడగండి. ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లై డబ్బా) ఖాళీ పవర్ పిన్ ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

రెండో స్లాట్‌లో ఇంకో 4 జీబీ డీడీఆర్3 1333 వేయండి. చవగ్గా దొరికే స్టిక్కుల్లో కొన్ని ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డులో డిస్‌ప్లేనే రాదు. ద్వారకానగర్ వైపు షాపులో కొంటే సీపీయూ పట్టుకెళ్లి అక్కడే పెట్టించి చూడండి. మన సముద్రపు గాలికి ర్యామ్ కాంటాక్టులు నల్లబడతాయి. పాత స్టిక్‌ని కూడా తీసి రబ్బరుతో రుద్ది పెట్టండి.

ఇక లినక్స్ అయితే మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, విండోస్ చెయ్యికి తడబాటు ఉండదు. 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. లుబుంటు ఇంకాస్త తేలికే, కానీ 24.04కి సపోర్ట్ 2027 ఏప్రిల్ వరకే. జోరిన్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మామూలు ఎడిషన్ 4 జీబీకి బరువు.

కంచరపాలెం_64:
లుబుంటుని అంత తేలిగ్గా తీసెయ్యకండి. కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌కి నేనైతే అదే చెప్తాను. కానీ ఇక్కడ 4 జీబీ ఉంది. రెంటికీ తేడా రెండు మూడు వందల ఎంబీ, బ్రౌజర్‌లో ఒక్క యూట్యూబ్ ట్యాబ్ తెరిస్తే అది కాస్తా పోతుంది. కాబట్టి మింటే కానివ్వండి. వీడియో ఆగి ఆగి వస్తుంటే ఫైర్‌ఫాక్స్‌లో ‘ఎచ్264ఐఫై’ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టండి. యూట్యూబ్ మామూలుగా పంపే వీపీ9, ఏవీ1 ఫార్మాట్ వీడియోల్ని మీ చిప్‌లోని గ్రాఫిక్స్ విప్పలేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఎచ్264 అనే పాత ఫార్మాట్ అయితే విప్పగలదు, ఆ ఎక్స్‌టెన్షన్ దాన్నే తెప్పిస్తుంది.

ఇంతకీ ప్రింటర్ ఏది? అది చెప్పకుండా విండోస్ తీసెయ్యకండి.

ఎంవీపీ_వాసి:
కానన్ ఎల్‌బీపీ 2900. నెలకు పది పేజీలు కూడా తియ్యరు.

కంచరపాలెం_64:
అనుకున్నంతా అయ్యింది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీలిప్‌లో (లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్) ప్లగిన్ ఒకటి దించుకుంటే సరిపోయేది. 2900కి కానన్ ఇచ్చిన క్యాప్ట్ డ్రైవర్ పాతది, 32-బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వెనకాల నడవాల్సిన సర్వీసు మధ్యలో ఆగిపోతుంది. పెద్దవాళ్ల ఇంట్లో ఆ తలనొప్పి వద్దు.

విండోస్‌ని పాత హార్డ్ డిస్క్‌లోనే ఉండనివ్వండి, మింట్‌ని ఎస్‌ఎస్‌డీలో వేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకెయ్యండి. లేకపోతే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని తెరిచే ప్రోగ్రామ్) వెళ్లి దానిలో కూర్చుంటుంది, రేపు ఆ డిస్క్ పోతే మింట్ కూడా తెరుచుకోదు. పని అయ్యాక కేబుల్ పెట్టి, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్) ఎస్‌ఎస్‌డీని మొదటి స్థానంలో ఉంచండి. ప్రింట్ కావాల్సినప్పుడు బూట్ మెనూలో (అసూస్ బోర్డుకి ఎఫ్8, గిగాబైట్‌కి ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11) హార్డ్ డిస్క్ ఎంచుకుంటే విండోస్ వస్తుంది. విండోస్‌కి సపోర్ట్ అయిపోయింది కాబట్టి అటు వెళ్లినప్పుడు నెట్ కేబుల్ తీసి ఉంచండి. మింట్‌లో పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లడమే.

మర్రిపాలెం_మెకానిక్:
ఆ పద్ధతే నయం. ఒక్క జాగ్రత్త: బయాస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) పాత ఐడీఈలో ఉంటే ఎస్‌ఎస్‌డీ కోసం ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఊరికే మార్చేస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, అప్పుడు బయాస్‌లో మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక టిక్ తీసెయ్యండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపండి, లేకపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లలో మింట్ నుంచి ఏదీ రాయలేరు.

మింట్ ఇన్‌స్టాల్‌కి పెన్‌డ్రైవ్ 8 జీబీ చాలు, విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో దానిమీద మింట్‌ని రాయండి. ఇన్‌స్టాల్ నొక్కే ముందు లైవ్‌లోనే (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్) ఓ అరగంట సౌండు, వైఫై డాంగిల్, వీడియో చూడండి. వైఫై రాకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ టెదరింగ్‌లో పెట్టి డ్రైవర్ మేనేజర్ తెరవండి.

లాసన్స్_బే:
తెలుగు టైపింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. మీవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల అమరికతో ఉండే ప్రామాణిక కీబోర్డు) వాడితే ఏమీ దించక్కర్లేదు: సెట్టింగ్స్, కీబోర్డ్, లేఅవుట్, అక్కడ ఇండియన్ కింద తెలుగు చేర్చండి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటైతే సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ‘ఐబస్-ఎం17ఎన్’ వేసి, లాగౌట్ అయి వచ్చి, ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు ఐట్రాన్స్ లేదా ఆర్‌టీఎస్ చేర్చండి. లాగౌట్ అవ్వకపోతే ‘వేశాను కానీ రావట్లేదు’ అని మళ్లీ ఇక్కడికే వస్తారు.

పాత ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటే మాత్రం లిబ్రెఆఫీస్‌లో (మింట్‌లో వర్డ్, ఎక్సెల్ బదులు వాడేది) పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు. మార్చుకునే పనంతా ఆ విండోస్ డిస్క్‌లోనే చేసి తెచ్చుకోండి. ఎక్సెల్ ఫైళ్లు మామూలువి తెరుచుకుంటాయి, మ్యాక్రోలున్నవి నమ్మొద్దు.

ఎంవీపీ_వాసి:
ఉత్తరాలన్నీ అను ఫాంట్లలోనే ఉన్నాయి, మంచి మాట చెప్పారు. ఇంకోటి: ఈ పీసీలో తేదీ అప్పుడప్పుడు 2011కి పోతోంది. విండోస్, మింట్ రెండూ ఉంటే టైము తేడా వస్తుందని కూడా విన్నాను, ఇది అదేనా?

మర్రిపాలెం_మెకానిక్:
కాదండి. ఏళ్ల వెనక్కి పోతే బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. అది మార్చకపోతే బ్యాంకు సైట్లు ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అంటాయి, మీరు బయాస్‌లో పెట్టిన ఏహెచ్‌సీఐ కూడా చెరిగిపోవచ్చు. కాబట్టి ముందు ఆ బ్యాటరీ మార్చండి. మీరు విన్న తేడా వేరు: మింట్ బోర్డు గడియారాన్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. అందుకని విండోస్‌లో సరిగ్గా ఐదున్నర గంటలు వెనక కనిపిస్తుంది. ప్రింట్లకే కాబట్టి దాన్ని అలా వదిలెయ్యండి.