స్ప్రింగ్ రేట్లు: పౌండ్లు ఒకచోట, కేజీలు ఇంకోచోట, పోల్చేదెలా?

ప్రశ్న: కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్‌కి రేటు (అంటే గట్టితనం) అంగుళానికి 200 పౌండ్లు అని, కాయిలోవర్‌కి (స్ప్రింగ్, డ్యాంపర్ కలిసిన సెట్) 6కె అని రాశారు. ఏది ఎంత గట్టిదండీ?

జవాబు: 6కె అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 6 కేజీలు. 56తో గుణిస్తే అంగుళానికి 336 పౌండ్లు. కాయిలోవరే 68 శాతం గట్టిది. న్యూటన్లలో ఇస్తే 9.81తో భాగించండి, కేజీలొస్తాయి.

జవాబు: అక్కడితో ఆగితే బోల్తా పడతారు. చక్రం దగ్గర పనిచేసే రేటు కావాలంటే మోషన్ రేషియో (చక్రం కదిలినదానిలో స్ప్రింగ్ ఎంత కదులుతుందనే నిష్పత్తి) వర్గంతో గుణించాలి. ముందు చక్రాల స్ట్రట్‌కి (స్ప్రింగ్ బిగించిన నిలువు డ్యాంపర్) 0.95 అనుకుంటే 6 కాస్తా 5.4 అవుతుంది. వెనక స్ప్రింగ్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ) మధ్యలో కూర్చుని 0.7 ఉంటే 2.9 మాత్రమే! అందుకే ముందు 6, వెనక 6 అంటే సమానం కాదు.

జవాబు: ఆ 200 ప్రోగ్రెసివ్ (నొక్కేకొద్దీ గట్టిపడే) స్ప్రింగ్‌దైతే అది మొదటి రేటో చివరి రేటో అడగండి. ఇంకోటి, స్టాక్ (బండితో వచ్చిన) డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) మీద మరీ గట్టి స్ప్రింగ్ వేస్తే రీబౌండ్ (స్ప్రింగ్ తిరిగి సాగేటప్పుడు ఆపే పట్టు) చాలక గతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది.