బైకాల్ సరస్సు ఇన్ని కోట్ల ఏళ్ళయినా ఎందుకు పూడిపోలేదు?

కొల్లేటిగట్టు:
రష్యాలో సైబీరియా దక్షిణాన ఉన్న బైకాల్ గురించి చదువుతున్నా. వయసు దాదాపు రెండున్నర కోట్ల ఏళ్ళట, లోతు 1,642 మీటర్లు, ప్రపంచంలో ఇంకే సరస్సూ అంత లోతు లేదు. నా డౌటేంటంటే 300కి పైగా నదులూ వాగులూ దాంట్లో కలుస్తున్నాయి, అవన్నీ మట్టి మోసుకొస్తూనే ఉంటాయి కదా, మరి ఈపాటికి పూడిపోవాలి కదా? మా కొల్లేరు చూడండి, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే ఒండ్రుకే మేట వేసేస్తోంది. మామూలుగా సరస్సులు కొన్ని వేల ఏళ్ళకే పూడిపోతాయంటారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. అంత లోతులో ఏమన్నా బతుకుతాయా అన్నది కూడా.

రాతిపొర:
పూడుతూనే ఉందండి. అడుగున ఇప్పటికే దాదాపు 7 కిలోమీటర్ల మందాన మట్టి పేరుకుంది. అయినా నిండలేదంటే అడుగు కూడా కిందికి దిగిపోతోంది కాబట్టి. అక్కడ భూమి పైపొర చీలుతోంది, రెండు వైపులా నేల ఏటా కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా జరుగుతోంది, మధ్యలో భాగం కుంగుతోంది, ఆ కుంగడం ముందు నదులు తెచ్చే మట్టి చాలట్లేదు. నీటిమట్టం సముద్రం కన్నా 456 మీటర్లు ఎత్తులో ఉంటే సరస్సు అడుగు మాత్రం సముద్రమట్టానికి 1,186 మీటర్లు కింద ఉంది!! ఇది ఎప్పుడూ మెల్లగానే జరుగుతుందని కూడా అనుకోవద్దు, 1862 జనవరిలో సెలెంగా నది డెల్టా దగ్గర పెద్ద భూకంపం వచ్చి దాదాపు 200 చదరపు కిలోమీటర్ల మైదానం సరస్సులోకి దిగిపోయింది, అక్కడి స్థానిక జాతి బుర్యాత్‌ల పల్లెలు ఉన్న నేల అది. ఇప్పుడు అక్కడ ప్రోవాల్ అనే అఖాతం ఉంది.

మీరు విన్న వేల ఏళ్ళ లెక్క ఎక్కువగా మంచు యుగం గీసిన సరస్సులకి. అమెరికా, కెనడా మధ్య గ్రేట్ లేక్స్ అలాంటివే. ఆ ఐదు సరస్సులూ కలిపితే వైశాల్యంలో బైకాల్ వాటి ముందు చాలా చిన్నది, కానీ ఆ ఐదింటి నీళ్ళు కలిపినా బైకాల్‌లో ఉన్న 23,600 ఘన కిలోమీటర్లకి కొంచెం తక్కువే.

నీటిపురుగు:
రెండో ప్రశ్నకి నేను చెప్తా, నాకు బాగా ఇష్టమైన విషయం. ఆఫ్రికాలో టాంగన్యీకా కూడా పాతదే, లోతైనదే, 1,470 మీటర్లు, కానీ అక్కడ పైనీళ్ళు వెచ్చగా తేలిపోయి కిందివాటితో కలవవు కాబట్టి లోతుల్లో ఆక్సిజన్ ఉండదు, చేపలన్నీ పైభాగంలోనే. బైకాల్‌లో చలికీ గాలులకీ పైనీళ్ళు కొంత అడుగుదాకా దిగుతాయి, ఆక్సిజన్‌ని తీసుకెళ్తాయి. అందుకే అట్టడుగున కూడా జీవులున్నాయి. గోలోమ్యాంకా అని ఒక చేప ఉంది, పొలుసులుండవు, ఒళ్ళంతా కొవ్వు, వెలుతురు ఆనితే అవతలివైపు కనపడేంత పల్చన, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది. దాన్ని తిని బతికేది నెర్పా, పూర్తిగా మంచినీళ్ళలోనే ఉండే సీల్ జాతి ప్రపంచంలో అదొక్కటే. సముద్రానికి అంత దూరం ఎలా చేరిందనేది సైంటిస్టులు ఇంకా తేల్చలేదు. ఇంత పెద్ద జంతువుల మాట అటుంచి నన్నడిగితే అసలు పని చేసేది ఎపిషురా, మిల్లీమీటరున్నర పురుగు, కోట్లకి కోట్లు ఉంటాయి, నీళ్ళని వడగట్టి నాచు తింటాయి. బాగా తేటగా ఉన్నప్పుడు 40 మీటర్ల లోతుదాకా కనపడుతుందంటే వాటి పుణ్యం చాలా ఉంది.

కొల్లేటిగట్టు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి, కుంగడం సంగతి అస్సలు తట్టలేదు. మరి పొల్యూషన్ సంగతేంటి, అంత నీళ్ళుంటే ఏం కాదా?

నీటిపురుగు:
అవుతుందండి, అదే బాధ. బయటికి పోయే నది అంగారా ఒక్కటే, అంచేత లోపలికొచ్చిన నీళ్ళు మారడానికి 300 ఏళ్ళ పైనే పడుతుంది, దాంతోపాటు వచ్చిన చెత్త కూడా అంతకాలం ఉంటుంది. దక్షిణ ఒడ్డున బైకాల్స్క్‌లో కాగితం గుజ్జు ఫ్యాక్టరీ 1966లో మొదలై 2013లో మూతపడింది, మధ్యలో 1996లో సరస్సుని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినా ఫ్యాక్టరీ నడుస్తూనే వచ్చింది. ఇప్పుడు ఒడ్డున ఊళ్ళ మురుగు వల్ల లోతు తక్కువున్న చోట స్పైరోగైరా నాచు దట్టంగా పెరుగుతోంది, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని స్పాంజిలు (నీటి అడుగున రాళ్ళకి అంటుకుని బతికే జీవులు) జబ్బుచేసి చస్తున్నాయి. మధ్యలో నీళ్ళు తేటగానే ఉన్నాయి కాబట్టి పర్లేదు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, అక్కడి జీవుల్లో ఎన్నో రకాలు ఉండేది ఆ ఒడ్డు దగ్గరే. ఫ్యాక్టరీ వదిలేసిన వ్యర్థాల గుంటలు కూడా ఇంకా ఆ ఒడ్డునే ఉన్నాయి, పైన కొండల నుంచి బురద వరదలు వచ్చే చోటు అది.