‘ఆబ్వియస్’కి ‘స్పష్టం’ సరిపోతుందా?

ప్రశ్న: ఒక పేటెంట్ తీర్పు మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఇచ్చింది, సౌత్‌వైర్, సెర్రో వైర్ కంపెనీల మధ్య. ‘ఆబ్వియస్’ అన్నచోటల్లా ‘స్పష్టమైన’ అని పెడితే వాక్యం అతకడం లేదు. పెద్దలు ఒక మాట చెప్పండి.

జవాబు: ‘స్పష్టం’ వద్దండీ. కళ్లెదుట ఉన్నదాన్ని స్పష్టం అంటాం. ఇక్కడ అడిగేది వేరు: ఆ పని బాగా తెలిసినవాడి ముందు పాత పత్రాలన్నీ పెడితే, ఈ ఉపాయం అతనికి తట్టేదేనా? తట్టేదే అయితే పేటెంటు నిలవదు. మన 1970 పేటెంట్ల చట్టం కూడా, సెక్షన్ 2(1)(జెఎ)లో, ఆ పని తెలిసినవాణ్ణే కొలబద్ద చేసింది. నా ఓటు ‘తట్టడం’కే.

కేసులో సంగతి చూడండి. వైరు సులువుగా జారాలని మనవాళ్లు పైన పౌడరో సబ్బునీళ్లో రాసి పైపులోంచి లాగుతారు. సౌత్‌వైర్ పద్ధతిలో కందెనను పై తొడుగు ప్లాస్టిక్‌లోనే కలిపేస్తారు, అది మెల్లగా పైకి ఊరుతుంది. చెక్క దూలాలకు వేసిన రంధ్రాల్లోంచి కేబుల్ లాగడానికి పట్టే బలం కనీసం 30 శాతం తగ్గాలని పేటెంటులో రాసుకున్నారు. తొడుగులో కందెన కలపడం మాత్రం సమ్మర్స్ అనే పాత పేటెంట్ పత్రంలో ముందే ఉంది.

మరొకరు: ‘ఇన్‌హెరెంట్’ని కూడా తేల్చండి సార్. ‘అంతర్లీనం’ అనొచ్చా?

జవాబు: ‘ఇమిడి ఉండటం’ అనండి, హాయిగా ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే. ఆ 30 శాతం పాత పద్ధతిలోనే ఇమిడి ఉందని అమెరికా పేటెంట్ ఆఫీసులోని బోర్డు అంది. కోర్టు ఒప్పుకోలేదు. అలా అనాలంటే ఆ ఫలితం తప్పనిసరిగా వచ్చి తీరాలి, బోర్డు దాన్ని నిర్ధారించలేదు. అయినా సౌత్‌వైర్ ఓడింది. సమ్మర్స్‌లో పద్ధతీ అదే, ప్రయోజనమూ అదే. 30 శాతం తగ్గడం ఎవరూ ఊహించనిదని చూపే ఆధారం లేదు. ఇమిడి ఉందని రుజువు కాకపోయినా, నిపుణుడికి తట్టేదే అని తేలింది. రెండింటికీ ‘సహజం’ అని ఒకే మాట వాడితే తీర్పు తలకిందులవుతుంది, దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న అడిగినవారు: మరి నామవాచకం కావాల్సిన చోట?

జవాబు: ‘నిపుణుడికి తట్టేదే కావడం’ అని విడమరిచి రాసేయండి. కాస్త పొడుగైనా చదివేవాళ్లకు అర్థమవుతుంది.