ద్వారమూ ఆయనే, కాపరీ ఆయనేనా?

యోహాను సువార్త 10వ అధ్యాయం చదువుతుండగా నాకొక సందేహం కలిగింది. తెలిసినవారు వివరించగలరని మనవి. 9వ వచనంలో యేసు తానే ద్వారమని చెప్పి, 11వ వచనంలోనే తాను మంచి కాపరినని అంటాడు. గొర్రెల దొడ్డికి తలుపు లేనందున కాపరే వాకిట అడ్డంగా పడుకునేవాడనే వివరణ విన్నాను గానీ, 3వ వచనంలో ద్వారపాలకుడు వేరే ఉన్నాడు కనుక అది నాకు అంతగా పొసగడం లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది పాత నిబంధనలోని యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం. అక్కడ 15వ వచనంలో దేవుడు తానే తన గొర్రెలను మేపుతానంటాడు. 23వ వచనంలో మాత్రం దావీదును కాపరిగా నియమిస్తానంటాడు. ఆ నేపథ్యం తెలిసిన యూదులు "మంచి కాపరి" అనే మాటలో దావీదు వంశపు రాజును గుర్తించి ఉంటారా, లేక దేవుని స్థానాన్నే యేసు తనకు ఆపాదించుకుంటున్నాడని భావించి ఉంటారా? తానూ తండ్రీ ఏకమై ఉన్నామన్న యోహాను 10వ అధ్యాయం 30వ వచనాన్ని ఈ పోలికకు కొనసాగింపుగానే చదవాలా?