స్కానింగ్‌లో 'గ్యాస్ అడ్డొచ్చింది' అని రాస్తే సీటీకి వెళ్లాలా?

టెక్కలి కొబ్బరి: మా మావయ్యకి 58. ఆర్నెల్ల కిందట కొత్తగా షుగర్ బయటపడింది. తొమ్మిది కేజీలు తగ్గారు, కడుపు నొప్పి వెన్నులోకి లాగుతోంది. అల్ట్రాసౌండ్ రిపోర్టు చివర 'నార్మల్' అని ఉంది. పైన మాత్రం 'గ్యాస్ వల్ల పాంక్రియాస్ (క్లోమం) సరిగా కనబడలేదు' అని ఒక లైను. సీటీ అంటే ఇంట్లో 'డబ్బులెక్కువయ్యాయా' అంటున్నారు.

నాగావళి ఒడ్డు: ఇంట్లోవాళ్లదే నిజం. నొప్పొచ్చిన ప్రతివాడికీ సీటీ అంటే సగం జిల్లా వైజాగ్ బస్సులోనే ఉంటుంది. రేడియేషన్ సరే, చిన్న నీటితిత్తి కనబడితే ఏడాదంతా టెన్షన్. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ కూడా 2019లో పాంక్రియాస్ క్యాన్సర్‌కి స్క్రీనింగ్ వద్దనే చెప్పింది.

సీటీ రూమ్ రిటైర్డ్: అన్నా, అది లక్షణాల్లేనివాళ్ల సంగతి. ఈయనకి మూడున్నాయి: కొత్త షుగర్, బరువు తగ్గడం, వెన్నులోకి లాగే నొప్పి. పాంక్రియాస్ పొట్ట వెనకాల ఉంటుంది. గ్యాస్ అడ్డుంటే అల్ట్రాసౌండ్‌కి అందదు, తోక వైపు మరీ కష్టం. కనబడలేదంటే లేదని కాదు కదా! అలాగని ఏదో ఒక సీటీ తీయించినా లాభం లేదు, చీటీలో 'పాంక్రియాస్ ప్రోటోకాల్' అని డాక్టరుగారితో రాయించండి. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా కనబడేందుకు నరంలోకిచ్చే మందు) ఎక్కించాక సుమారు 40-45 సెకన్లకి ఒకసారి, 70కి ఇంకోసారి తీస్తారు. మొదటిసారి పాంక్రియాస్ తెల్లగా మెరుస్తుంది, రక్తం తక్కువందే గడ్డ నల్లగా మిగిలిపోతుంది. మామూలు సీటీలో ఆ తేడా పోవచ్చు. కామెర్లుంటే పైత్యనాళంలో స్టెంట్ (గొట్టం) వేయకముందే తీయించాలి, వేశాక చిత్రం పాడవుతుంది. పసరు తాగుతూ వారాలు పోగొట్టుకుని వచ్చినవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది నాకు.

కవిటి కుర్రాడు: మా ఉద్దానంలో కాంట్రాస్ట్ అంటేనే భయం గురువుగారూ. ఎవరింట చూసినా కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ గొడవే.

సీటీ రూమ్ రిటైర్డ్: అందుకే ముందు ఆ పరీక్ష. దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంకె) 30 కన్నా తక్కువుంటే కిడ్నీ డాక్టరుని అడగాల్సిందే. ఎంఆర్‌సీపీలో (ఒకరకం ఎంఆర్ఐ) నాళాలు, నీటితిత్తులు కాంట్రాస్ట్ లేకుండానే కనబడతాయి. మరీ చిన్న గడ్డ అనుమానమైతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్: పొట్టలోంచే చూసి, సూదితో ముక్క తీస్తారు.

నాగావళి ఒడ్డు: సీఏ 19-9 అనే క్యాన్సర్ గుర్తు రక్తపరీక్షతో చౌకగా తేలిపోదా?

సీటీ రూమ్ రిటైర్డ్: తేలదు. కామెర్లకీ పెరుగుతుంది, కొందరి ఒంట్లో అసలు తయారే కాదు.

నాగావళి ఒడ్డు: ఈయన వరకూ ఒప్పుకుంటా, షుగర్ మాట సరిగ్గా చదవలేదు. అందరికీ అంటే మాత్రం ఒప్పుకోను.

టెక్కలి కొబ్బరి: క్రియాటినిన్ 0.9. గురువారం సీటీ. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.