పాత షెరిడాన్ బ్లూ స్ట్రీక్: గాలి ఎక్కుతోంది, నిలవడం లేదు

గాలిమర (ప్రశ్న)

అందరికీ నమస్తే. చేతిలో ఉన్నది షెరిడాన్ బ్లూ స్ట్రీక్, 5 మి.మీ. పంపు ఎయిర్ రైఫిల్. వాల్‌నట్ చెక్క బట్టు, ఇత్తడి గొట్టం. మూతి దగ్గర, పంపు మీట అంచున నల్లరంగు అరిగి ఇత్తడి పసుపు బయటపడింది. సీరియల్ నంబరు ఎక్కడా లేదు.

5 పంపులు కొట్టి వెంటనే పేలిస్తే చప్పుడు గట్టిగానే వస్తోంది. పది నిమిషాలు ఆగి పేలిస్తే లోపల సుత్తి తగిలిన టక్కుమనే చప్పుడు తప్ప గాలి లేదు. ఇంకొకటి, మీట మూసి చెయ్యి తీస్తే అది తనంతట తానే రెండు వేళ్ళ మందం పైకి లేస్తోంది.

విప్పకుండా చేయగలిగింది ఏమైనా ఉందా? విప్పక తప్పకపోతే ఎక్కడ జాగ్రత్తపడాలి? మళ్ళీ రంగు వేయించడం మంచిదేనా? అసలు ఈ పాత పంపు రైఫిళ్ళంటే తెలిసినవాళ్ళకి ఇంత మమకారం ఎందుకో కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

తోలువాషర్

గాలిమర గారూ, ముందు ఒక్క మాట. గొట్టంలో పెల్లెట్ (సీసపు గుండు) లేదని చూసుకోండి. మూతి సురక్షితమైన వైపు పెట్టి, బోల్టు (పెల్లెట్ వేసే చోట వెనక ఉండే లాగుడు పిడి) లాగి, పేల్చండి. సుత్తి టక్కుమనడం తప్ప గాలి చప్పుడు రాకుండా పోయేదాకా మళ్ళీ మళ్ళీ ఇలాగే పేల్చండి. ఒకసారి పేలిస్తే ఖాళీ అయిపోయిందనుకోకూడదు. కారణం కింద రాస్తాను.

ఇందులో గాలి పోవడానికి మూడే దారులు. ఏ దారిన పోతోందో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది పంపు కప్పు. సైకిల్ పంపులో తోలు వాషర్ ఏ పని చేస్తుందో ఇది అదే చేస్తుంది. పాత వాటిలో తోలు, తర్వాతి వాటిలో సింథటిక్ రబ్బరు. ఇది ఎండినా చిరిగినా పంపు కొట్టేటప్పుడు అసలు బిగువే ఉండదు, ఎనిమిదో పంపు కూడా మొదటి పంపులాగే తేలిగ్గా పోతుంది. మీకు గాలి ఎక్కుతోంది కాబట్టి ఇది కాదు.

రెండోది బయటికి వదిలే వాల్వు. ఇది కారితే గాలి మూతిలోంచి పోతుంది. 3 పంపులు కొట్టి, సన్నటి టిష్యూ కాగితం ముక్కని మూతి ముందు వేలాడదీయండి. మీ ముఖం మాత్రం పక్కకి ఉండాలి. కాగితం కదిలితే తప్పు అక్కడే.

మూడోది లోపలికి తీసుకునే వాల్వు. పంపు తోసిన గాలిని, అది నిలవ ఉండే గదిలోకి పోనిచ్చి వెనక్కి రాకుండా ఆపేది ఇదే. ఇది సరిగా మూసుకోకపోతే గదిలోని గాలి వెనక్కి వచ్చి పిస్టన్‌ని నెడుతుంది, మీట లేస్తుంది. మీరు రాసిన లక్షణం నూటికి తొంభై పాళ్ళు ఇదే.

మిగతా పది పాళ్ళు ఎందుకంటే, మీట లేవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. మీట పూర్తిగా మూసినప్పుడు పిస్టన్ తల వెళ్ళి వాల్వు ముఖానికి ఆనాలి. మధ్యలో ఖాళీ ఉంటే అక్కడ చిక్కిన గాలి గదిలోకి పోలేక స్ప్రింగులా వెనక్కి తోస్తుంది. ఈ రెంటినీ ఇలా విడదీయండి: ఖాళీ వల్ల అయితే చెయ్యి తీయగానే మీట ఠక్కున కొంచెం లేచి అక్కడే ఆగిపోతుంది. వాల్వు కారుతుంటే నెమ్మదిగా, ఆగకుండా లేస్తూనే ఉంటుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే 4 పంపులు కొట్టి మీట పూర్తిగా తెరిచి ఉంచండి. సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన పంపు చీలిక దగ్గర పెట్టి వినండి. బుస వినిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఇత్తడిగొట్టం

పైన చెప్పినదంతా సరైనదే. విప్పే ముందు నూనె వైద్యం చేసి చూడండి, చాలా వాటికి అదే చాలు. ఏళ్ళ తరబడి పక్కన పడి ఉన్న తుపాకీలో వాల్వు సీటు (వాల్వు ఆని మూసుకునే అంచు) మీద గట్టిపడిన పాత నూనె, దుమ్ము ఉంటాయి. వాల్వు పాడైపోయి కాదు, ఆ మురికి అడ్డుపడి పూర్తిగా మూసుకోదు.

మీట పూర్తిగా తెరిస్తే చీలికలోంచి పిస్టన్ మీద ఉన్న ఫెల్టు పట్టీ కనిపిస్తుంది. దానిమీద 3 చుక్కలు వేయండి. క్రాస్‌మన్ అనే ఎయిర్ గన్ కంపెనీ వాళ్ళ పెల్‌గన్ ఆయిల్ అయినా సరే, డిటర్జెంటు కలపని 30 గ్రేడు మోటారు ఆయిల్ అయినా సరే. అర గంట పీల్చుకోనివ్వండి. తర్వాత 3 పంపులు, పెల్లెట్ లేకుండా పేల్చడం, ఇలా పది పన్నెండు సార్లు. నూనె తుంపర గాలితో పాటు రెండు వాల్వులలోంచీ పోయి మురికిని తోసేస్తుంది. మూతి దగ్గర తెల్ల గుడ్డ పెట్టి చూస్తే మొదట్లో నల్లగా పడుతుంది, పోనుపోను తెల్లబడుతుంది. అప్పుడు 3 పంపులు కొట్టి రాత్రంతా వదిలేసి పొద్దున పేల్చి వినండి.

డబ్ల్యూడీ-40 మాత్రం వద్దు. అది పలచగా ఉండి ఎగిరిపోతుంది, వెనకాల జిగట మిగులుస్తుంది. పైగా తేలిగ్గా మండే ద్రవాన్ని గాలి నొక్కే చోట పోయడం మంచి పని కాదు.

కొందరు ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె వేయమంటారు. అందులో రబ్బరు సీళ్ళని కొంచెం ఉబ్బించే గుణం ఉంటుంది కాబట్టి ఎండి కుంచించుకుపోయిన సీలుకి ఊపిరి పోస్తుంది. అయితే కోసుకుపోయిన సీలునీ గీత పడిన సీటునీ అది బాగుచేయలేదు. నాలుగు చుక్కలతో మళ్ళీ గాలి నిలిస్తే సంతోషమే, కానీ కొత్త సీళ్ళ సెట్టు తెప్పించుకుని పక్కన పెట్టుకోండి.

గాలిమర

ఇద్దరికీ ధన్యవాదాలు. టిష్యూ కాగితం కదల్లేదు. మీట నెమ్మదిగా లేస్తూనే ఉంది. చెవిగొట్టంలో బుస స్పష్టంగా ఉంది. నూనె వైద్యం పన్నెండు సార్లు అయ్యాక పది నిమిషాల బదులు రెండు గంటలు నిలుస్తోంది, రాత్రంతా మాత్రం నిలవడం లేదు. ఇక విప్పాల్సిందేనా? ఎన్ని పంపులు దాటితే ప్రమాదం?

పాతటంకం

రెండు గంటలకి వచ్చిందంటే సీటు మీద మురికి చాలావరకు పోయింది, సీలు మాత్రం ముసలిదైంది. విప్పండి. అయితే షెరిడాన్‌లో తొందరపడితే పోయేది వాల్వు కాదు, గొట్టం.

దీంట్లో బ్యారెల్‌నీ కింది పంపు గొట్టాన్నీ కలిపి ఉంచేది మెత్తని టంకం. దాన్ని ఎప్పుడూ వేడి చేయకండి. బిగుసుకున్న భాగం ఊడటానికి మంట చూపిస్తే అతుకు మొత్తం విడిపోతుంది. పంపు కొట్టేటప్పుడు కూడా బ్యారెల్‌ని గుప్పిట పట్టి లాగకూడదు, ఆ వంపు బలమంతా అతుకు మీదే పడుతుంది. వెనక బోల్టు ఉండే భాగాన్ని అరచేత్తో పట్టుకోవాలి. బ్యారెల్‌కి బిగించే టెలిస్కోపు క్లాంపులు అతిగా బిగించినా ఇదే గతి. ఒకసారి విడిపోయిన బ్యారెల్‌ని సూటిగా మళ్ళీ అతికించడం మామూలు పని కాదు.

ఇక క్రమం. బట్టు అడుగున ఉన్న మర తీస్తే చెక్క విడివడుతుంది. పంపు మీట ముందు పిన్నుని ఇత్తడి పంచ్‌తో, కింద చెక్క దన్ను పెట్టి, చిన్న చిన్న దెబ్బలతో తోయండి. ఉక్కు పంచ్ జారితే గొట్టం మీద శాశ్వతమైన గాటు పడుతుంది. ఏ పిన్ను ఏ వైపు నుంచి వచ్చిందో రాసిపెట్టుకోండి. మీట, పిస్టన్ కలిసి బయటికొస్తాయి. పంపు కప్పు అంచుని గోటితో తడమండి. గట్టిగా, మెరుస్తూ ఉంటే మార్చేయండి. తోలుదైతే ఒక రాత్రి 30 గ్రేడు నూనెలో నానబెడితే మళ్ళీ మెత్తబడుతుంది.

వాల్వు బిగింపు నట్టుకి రెండువైపులా గాడి ఉంటుంది. ఈ రెండు గాళ్ళలోనూ ఒకేసారి కూర్చునే పనిముట్టు కావాలి. స్క్రూడ్రైవర్ ఒక పక్కన పెట్టి సుత్తితో కొట్టి తిప్పితే ఇత్తడి చెక్కుకుపోతుంది, ఆ తర్వాత సరైన పనిముట్టు కూడా పట్టదు. సరిపోయే వెడల్పు గొట్టం ముక్క చివర రెండు పళ్ళు మిగిలేలా ఆకురాయితో అరగదీసి చేసుకోవచ్చు.

బయటికి తీశాక సీటుని భూతద్దంతో చూడండి. సీలు మీద సన్నటి గుండ్రటి ముద్ర సమంగా ఉంటే మంచిది. ఒకచోట తెగి ఉంటే గాలి పోయే చోటు అదే. సీటుని గరుకు కాగితంతో రుద్దకండి, నూనె గుడ్డ చాలు. కొత్త సీలు పెట్టేటప్పుడు ఒక చుక్క నూనె రాసి పెట్టండి, పొడిగా బిగిస్తే మెలిక పడుతుంది.

బిగించాక పిస్టన్ పొడవు సరిచూడటం మర్చిపోవద్దు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఉదాహరణకి పంపు ఒక్కో తోపుకి 20 ఘనపు సెం.మీ. గాలి నొక్కుతుందనుకోండి. చివర పిస్టన్ తల ముందు అర ఘనపు సెం.మీ. ఖాళీ మిగిలితే బయటి గాలి కంటే సుమారు 40 రెట్లు మించి పీడనం రాదు. ఆ ఖాళీ ఒక ఘనపు సెం.మీ. అయితే 20 రెట్లే. అంటే పూచికపుల్లంత సందు బలాన్ని సగానికి దించుతుంది. లాక్ నట్టు వదులు చేసి పిస్టన్ కడ్డీని పావు చుట్టు చొప్పున పొడిగిస్తూ, గాలి లేకుండా మీట మూసి చూడండి. చివరి వేలెడు దూరంలో తల వాల్వుకి ఆనినట్టు తెలియాలి. అంతకు మించి పొడిగిస్తే మూయడానికి బలవంతం చేయాలి, పిన్నులు వంగుతాయి.

తోలువాషర్

పంపుల సంగతి. షెరిడాన్‌కి 3 నుంచి 8. ఎనిమిది దాటొద్దు, ఎంత బలం ఉన్నా సరే. గదిలో పీడనం పెరిగేకొద్దీ వాల్వుని మూసి ఉంచే బలం పెరుగుతుంది. ఒక దశ దాటాక సుత్తి దెబ్బకి వాల్వు కొంచెమే తెరుచుకుంటుంది లేదా అసలు తెరుచుకోదు. అప్పుడు పెల్లెట్ నెమ్మదిగా పోతుంది, గాలి మాత్రం లోపలే మిగులుతుంది. అందుకే ఒకసారి పేలిస్తే ఖాళీ అనుకోవద్దన్నాను.

8 పంపులకి వేగం సెకనుకి 675 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. ప్రతి పంపూ కలిపేది ముందు పంపు కలిపినదాని కంటే తక్కువే. కాగితం గురికి 4 లేదా 5 చాలు, తుపాకీకీ భుజానికీ హాయి.

కొట్టే తీరు కూడా ముఖ్యం. మీట చివరిదాకా తెరవాలి, లేకపోతే కప్పు గాలి రంధ్రం దాటి వెనక్కి రాదు, పంపు ఖాళీగా కొట్టినట్టే. తెరిచి అర సెకను ఆగి, ఒకే ఊపులో మూయండి. వేళ్ళు మీటకీ గొట్టానికీ మధ్యకి రానివ్వకండి. గట్టిగా నలుగుతాయి.

పెల్లెట్ 5 మి.మీ. దే వాడండి. 4.5 వదులై జారిపోతుంది, 5.5 పట్టదు. ఉక్కు బీబీలు (చిన్న గుండ్రటి గుళ్ళు) మాత్రం ఈ గొట్టంలో వేయొద్దు. గొట్టం లోపల ఇత్తడి జాతి లోహంలో చెక్కిన మెలిక గాళ్ళు ఉక్కు గుండుకి తట్టుకోవు.

ఇత్తడిగొట్టం

రంగు గురించి, మమకారం గురించి మిగిలిపోయింది.

రంగు వేయించకండి. ఆ అరుగుదల చేతులు పడిన చోటే పడింది, ఏ రంగువాడూ దాన్ని మళ్ళీ తేలేడు. మెత్తటి గుడ్డతో నూనె పూసి తుడవండి, చాలు. బెంజమిన్ అనే ఇంకో కంపెనీ పాత పంపు రైఫిళ్ళలో ఈ అందం ఇంకో పొర ఎక్కువ: పైన నల్ల నికెల్, దాని కింద తెల్ల నికెల్, ఆ కింద ఇత్తడి. అంచుల దగ్గర మూడు రంగులూ వరసగా కనిపించే తుపాకీని మెరుగుపెట్టి ఒకే రంగు చేసేస్తే మనసు ఉసూరుమంటుంది. నంబరు లేదని కంగారు పడకండి, పాత షెరిడాన్‌ల మీద నంబరు వేసేవాళ్ళు కాదు.

షెరిడాన్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం రేసీన్‌లో పుట్టింది. 1947లో వచ్చిన మొదటి మోడల్ సూపర్‌గ్రేడ్ ఖరీదెక్కువై రెండు వేల పైచిలుకు మాత్రమే తయారైంది. దాన్ని తేలిక చేసి 1949లో తెచ్చిన మోడల్ సీ నుంచే సిల్వర్ స్ట్రీక్, బ్లూ స్ట్రీక్ వచ్చాయి. 1977లో బెంజమిన్ షెరిడాన్‌ని కొన్నది, 1992లో రెండూ క్రాస్‌మన్ చేతికి వెళ్ళాయి. క్రాస్‌మన్ 1966లో తెచ్చిన 760 అనే పంపు రైఫిల్ ఇంకో దారి పట్టింది. చవకైనది, బీబీ, పెల్లెట్ రెండూ వేసుకోవచ్చు, పది పంపుల దాకా. ఎందరో పిల్లలకి పంపు తుపాకీ అంటే అదే. కాలం గడిచేకొద్దీ అందులో లోహం తగ్గి ప్లాస్టిక్ పెరిగింది. అందుకే పాత లోహపు 760లని జనం వెతుక్కుంటారు.

మమకారానికి నాకు తోచే కారణం ఇదీ. స్ప్రింగు రైఫిల్ ప్రతిసారీ ఒకే బలంతో కొడుతుంది, పేలేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పంపు రైఫిల్ బలం మీరు కొలిచి పోసినంత. పేలినప్పుడు కదలిక దాదాపు ఉండదు. ఐదో పంపుకి మీట చివర్లో వచ్చే ఆ బిగువు, మూసినప్పుడు చెక్క లోహానికి తగిలే చప్పుడు, వేడెక్కిన నూనె వాసన, ఇవన్నీ గురిచూడకముందే అయిపోతాయి. ఒక్కో గుండుకి ఇంత చాకిరీ ఉంటే ఎవరూ ఊరికే పేల్చరు.

గాలిమర

కొత్త సీలు పెట్టాను, కడ్డీ ముప్పావు చుట్టు పొడిగించాను. 3 పంపులు కొట్టి 24 గంటలు ఉంచితే చప్పుడు తేడా లేదు, మీట లేవడం లేదు. దాచేటప్పుడు గాలి తీసేయాలా, ఉంచాలా?

పాతటంకం

ఒక్క పంపు ఉంచండి, అంతకు మించి వద్దు. ఆ కాస్త పీడనం వాల్వుని సీటుకి నొక్కి ఉంచుతుంది, దుమ్ము చేరదు. గొట్టంలో పెల్లెట్ మాత్రం ఉండకూడదు, పిల్లలకి అందే చోట పెట్టకూడదు. మూడు నెలలకోసారి ఫెల్టు మీద రెండు చుక్కలు వేసి, పేల్చి, మళ్ళీ ఒక పంపు కొట్టి పెట్టండి.