అప్‌డేట్: మా అమ్మాయి పళ్ల మచ్చలు

మా అమ్మాయి ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయని, ఒక క్లినిక్‌లో అన్నిటికీ క్యాపులు వేయాలన్నారని ఇంతకుముందు అడిగాను. మాది కనిగిరి దగ్గర పల్లె. డెంటల్ కాలేజీలో చూపించమన్న వాళ్లందరికీ థ్యాంక్స్.

నెల్లూరు తీసుకెళ్లాం. డాక్టరమ్మ పళ్లను గాలితో ఆరబెట్టి చూశారు. కుడివైపు ఏ పన్ను మీద మచ్చ ఉందో ఎడమవైపు అదే పన్ను మీదా ఉంది. పుచ్చు సాధారణంగా ఇలా జతగా రాదట, ఇది ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు అన్నారు. ఆమె ముందు అడిగింది బ్రషింగ్ గురించి కాదు, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిందని. బోరు నీళ్లే. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు ఈ జబ్బును గుర్తించారు. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే. ఇన్నేళ్లయినా పిల్లలకు ఇదే బాధంటే కడుపు మండుతుంది.

క్యాపులు వద్దన్నారు. చిగుళ్లకు తగలకుండా పలుచని రబ్బరు షీటు బిగించి, యాసిడ్ కలిపిన పేస్టుతో పంటి పైపొరను కాస్త అరగదీశారు. మైక్రోఅబ్రేషన్ అంటారు. గోధుమరంగు చాలావరకు పోయింది, తెల్ల చారలు కొన్ని మిగిలాయి. మచ్చ లోతుగా ఉంటే ఇది చాలదట.

ఇప్పుడు టెన్షనంతా చిన్నోడి గురించే. ఎనిమిదేళ్ల లోపు, పళ్లు లోపల తయారయ్యేటప్పుడే ఇది పట్టుకుంటుంది. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లతోనే వంట కూడా చేస్తున్నాం. మీ బోరు నీళ్లూ ల్యాబులో టెస్ట్ చేయించండి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లలకు పట్టొద్దు.